ఉప్పుకండకు, పొగబెట్టిన కోడికి ఇంటి వాక్యూమ్ సీలర్: కొనొచ్చా?

చిత్తూరు, తిరుపతి వైపు ఉప్పుకండ (ఉప్పు, కారం పట్టించి ఎండబెట్టిన మాంసం) చేసేది మార్చి నుంచి మే దాకా. దాన్ని దంచి, వేయించి, వేడి సంగట్లో నంజుకోవాలనిపించేది అక్టోబరు, నవంబరు వానల్లో. మధ్యలో పెరటాసి నెల (సెప్టెంబరు నడిమి నుంచి అక్టోబరు నడిమి దాకా), చాలా ఇళ్ళలో నీసు పొయ్యెక్కదు. అంటే చేసిన సరుకు ఐదారు నెలలు నిలవాలి. మిద్దె మీద నాలుగైదు ఎండలు తగిలి కట్టెలా బిగిసిన కండ కూడా ఈశాన్య రుతుపవనాల తేమ గాలికి మెత్తబడిపోతుంది. దారం గుచ్చిన చోట, ముక్క మడతపడిన చోట ముందు బూజు కనిపిస్తుంది. స్టీలు డబ్బాలో పెట్టినా, మూత తీసిన ప్రతిసారీ కొంత తేమ లోపలికి పోతూనే ఉంటుంది.

అందుకే ఈమధ్య ఉప్పుకండ, పొగబెట్టిన కోడి చేసుకునే ఇళ్ళలోకి వాక్యూమ్ సీలర్, అంటే సంచిలోని గాలి లాగేసి మూతి అతికించే యంత్రం వస్తోంది. ఆన్‌లైన్‌లో రెండు వేల చిల్లర నుంచి పది వేల దాకా ధరల్లో ఉన్నాయి. ఇక్కడ చెప్పేది ఏదో ఒక కంపెనీ గురించి కాదు. సంచిని బయట ఉంచి మూతి దగ్గర గాలి పీల్చే ఇంటి రకం మొత్తం గురించి. ఈ రకంలో పని చేసే తీరు ఒకటే, తేడాలు రెండు మూడు చోట్లే ఉంటాయి. ఆ తేడాలే మాంసం విషయంలో ముఖ్యం.

యంత్రం మూరెడు పొడవుంటుంది. మూత ఎత్తితే పైనా కిందా నురుగు రబ్బరు చుట్టలు, వాటి మధ్యలో సన్నని గుంట, ముందువైపు టెఫ్లాన్ గుడ్డ కప్పిన వేడి పట్టీ కనిపిస్తాయి. సంచి మూతిని గుంటలోకి దించి మూత నొక్కితే పది, ఇరవై సెకన్లు మోటారు గాలి లాగుతుంది. ఆ తర్వాత పట్టీ వేడెక్కి ఆరేడు సెకన్లలో మూతి అతుక్కుంటుంది. మాంసం కోసం కొనేవాళ్ళు మూడు విషయాలు చూసుకోవాలి. ఒకటి, గాలి లాగడం మధ్యలో ఆపి వెంటనే సీల్ వేసే బటన్ విడిగా ఉండాలి. రెండు, గుంటలోని తొట్టి చేతికి ఊడి వచ్చి కడుక్కునేలా ఉండాలి. మూడు, నురుగు చుట్టలు, టెఫ్లాన్ పట్టీ విడిగా కొనడానికి దొరకాలి. మొదటిది లేకపోతే తడి మాంసంతో ప్రతిసారీ తంటాయే. రెండోది లేకపోతే లోపలికి పోయిన మాంసం నీరు అక్కడే కుళ్ళి, తర్వాత పప్పులు, బాదం ప్యాక్ చేసినా ఆ వాసనే వస్తుంది. చూడ్డానికి బాగుండే టచ్ బటన్లు, ఎనిమిది రకాల మోడ్‌లు మన పనికి అక్కర్లేదు. తడి, పొడి అనే రెండు మోడ్‌లు చాలు.

యంత్రం చేసే మేలేమిటో, చేయనిదేమిటో ముందే తెలుసుకుని కొనాలి. గాలి లేకపోతే కొవ్వు త్వరగా పాతబడదు. ఉప్పు కొవ్వును ఇంకా తొందరగా పాడుచేస్తుంది కాబట్టి ఉప్పుకండకు ఈ మేలు మామూలు మాంసానికంటే ఎక్కువే. బయటి తేమ లోపలికి రాదు. ఫ్రీజర్‌లో ముక్క పైపొర తెల్లబారి అట్టముక్కలా అయిపోవడం ఉండదు. పొగ వాసన పాలకూ ఐస్‌క్రీముకూ పట్టదు. కానీ గాలి తీసేస్తే సూక్ష్మజీవులు చావవు. పైగా గాలి లేని చోటే పెరిగే బొటులినం లాంటి బాక్టీరియాకు తేమ ఉన్న మాంసం, గది వేడి తోడైతే అది అనువైన ఇల్లే. అది వదిలే విషానికి వాసన ఉండకపోవచ్చు, రుచిలోనూ తెలియకపోవచ్చు. కాబట్టి తడి ఉన్న పొగబెట్టిన కోడిని వాక్యూమ్ చేసి అల్మారాలో పెట్టడం ఎంత మాత్రం పనికిరాదు. సీలర్ అంటే ఫ్రిజ్‌కు బదులు అనుకున్న చోటే ఎక్కువమంది దెబ్బతింటున్నారు.

ఇక సరుకు సంగతి. సంచిలోకి పోయే ముక్క సరిగ్గా తయారు కాకపోతే ఏ యంత్రమూ కాపాడలేదు. కిలో ఎముక లేని తొడ మాంసానికి 25 గ్రాముల కల్లుప్పు, టీస్పూను పసుపు, 15 నుంచి 20 గ్రాముల కారం, పది పన్నెండు వెల్లుల్లి రెబ్బలు సరిపోతాయి. ఉప్పును తూచే వేయండి. కల్లుప్పు చెంచా కొలతకు నిలవదు, పలుకు పెద్దదైతే చెంచాలో తక్కువ పడుతుంది. కనబడిన కొవ్వంతా కత్తితో గీరేయాలి. కండ ఎండుతుంది గానీ కొవ్వు ఎండదు, మూడో నెలలో వచ్చే పాత నూనె వాసన దానిదే. మాంసాన్ని గంటసేపు ఫ్రీజర్‌లో ఉంచి కాస్త బిగిశాక కోస్తే అర సెంటీమీటరు మందంలో సమంగా వస్తుంది. మందం సమంగా లేకపోతే సన్న ముక్కలు ఎండి విరుగుతున్నప్పుడు లావు ముక్కల లోపల ఇంకా తేమ ఉంటుంది. ఒకే సంచిలో ఆ తేమ మిగతా అన్ని ముక్కలకూ పాకుతుంది.

మన పాత పద్ధతి ఉప్పుకండను పచ్చిగా ఎండబెట్టి, తినేముందు నానబెట్టి, దంచి, నూనెలో వేయిస్తారు. అక్కడ వేడి చివర్లో తగులుతుంది. ప్యాకెట్ చించి నేరుగా నమిలే చిరుతిండిగా చేస్తే ఆ వేడి తగలదు, కాబట్టి ఎండబెట్టకముందే తగిలించాలి. మేక, పొట్టేలు ముక్క లోపల 71 డిగ్రీల సెల్సియస్, కోడి ముక్క లోపల 74 డిగ్రీలు దాటాలి. ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద ఎనిమిది, పది నిమిషాలు ఉంచి, సూది థర్మామీటరుతో లావు ముక్కను ఒకటి చూసుకుంటే సరి. ఎండిపోయాక వేడి చేద్దాంలే అనుకోకూడదు. ఎండిన స్థితిలో బాక్టీరియా వేడికి ఇంకా మొండిగా తట్టుకుంటుంది.

పొగకు మామిడి కట్టె మంచిది. కాయ కోతలు అయిపోయాక చిత్తూరు తోటల్లో కొమ్మలు కొట్టేస్తారు, నీడన ఆరిన కొమ్మ సన్నగా, తియ్యని వాసనతో పొగ ఇస్తుంది. వేప చేదు దిగుతుంది. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్, పెట్టె చెక్కలు అసలే వద్దు. పొగ నీలంగా పలచగా ఉండాలి. తెల్లగా దట్టంగా వస్తే కట్టె పచ్చిదన్నమాట, మసి ముక్కకు అంటి నాలుక చురుక్కుమంటుంది.

ఎండిందో లేదో చేతికంటే తక్కెడ బాగా చెప్తుంది. కిలో మాంసం 350 నుంచి 400 గ్రాములకు దిగాలి. 450 దగ్గర ఆగిపోతే ఇంకో ఎండ కావాలి. చల్లారిన ముక్కను వంచితే మీద పగుళ్ళు రావాలి, పుటుక్కున రెండుగా విరగకూడదు, నొక్కితే చెమ్మ కనిపించకూడదు. వేడి మీద ఈ పరీక్ష చెయ్యొద్దు. వేడి ముక్క ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది.

సంచుల విషయంలో డబ్బు మిగుల్చుకుందామని చాలామంది మామూలు నున్నని పాలిథిన్ కవర్లు వాడి యంత్రం పనిచేయడం లేదంటారు. బయటి నుంచి లాగే యంత్రానికి ఒకవైపు గళ్ళు గళ్ళుగా ఉబ్బెత్తు గీతలున్న సంచే కావాలి. ఆ గీతల సందుల్లోంచే గాలి బయటికి వస్తుంది. నున్న సంచి రెండు పొరలూ వెంటనే అతుక్కుని దారి మూసేస్తాయి. పాలిథిన్‌తో పాటు నైలాన్ పొర కూడా ఉన్నదే తీసుకోవాలి. ఉత్త పాలిథిన్ ఆక్సిజన్‌ను నెమ్మదిగా లోపలికి వదులుతుంది, పొగ వాసనను బయటికి వదులుతుంది. రోల్ కొంటే మనకు కావలసిన పొడవు కోసుకోవచ్చు. 5 మీటర్ల రోల్‌ను పాతిక సెంటీమీటర్ల చొప్పున కోస్తే 20 సంచులు. రోల్ ధరను 20తో భాగించి చూసుకోండి, యంత్రం కంటే అసలు ఖర్చు సంచులదేనని అర్థమవుతుంది. వాడిన సంచిని మాంసానికి మళ్ళీ వాడకూడదు. ఎంత కడిగినా ఆ గీతల సందుల్లో కొవ్వు ఉండిపోతుంది.

ఒక్కో సంచిలో 150 నుంచి 200 గ్రాములు, ఒకే వరుసగా పరిచినట్టు పెట్టాలి. ఒక పూటకు ఒక సంచి తెరిస్తే అయిపోవాలి. మూతి దగ్గర కనీసం ఆరేడు సెంటీమీటర్లు ఖాళీ వదలాలి. నింపేముందు మూతిని బయటికి మడిచి, నింపాక మడత విప్పితే సీల్ పడే చోటికి మసాలా అంటదు. చిన్న పని, కానీ సగం లీకులు దీంతోనే పోతాయి.

సీల్ పడ్డాక ఆ గీతను వెలుతురుకు ఎత్తి చూడండి. మంచి సీల్ ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఒకే వెడల్పుతో, గాజులా మెరుస్తూ ఉంటుంది. దాని మధ్యలో ఒక్క కారం పలుకు ఇరుక్కున్నా చుట్టూ చిన్న బుడగ కనిపిస్తుంది, గాలి లోపలికి పాకే దారి అదే. నూనె అంటిన చోట గీత మబ్బుగా, తెల్లగా ఉంటుంది, గోటితో లాగితే పొర విడిపోతుంది. గీత గోధుమరంగుకు తిరిగి ముడుచుకుపోతే పట్టీ మరీ వేడెక్కింది. వరుసగా ఐదారు సంచులు చేస్తే ఇలా అవుతుంది, సంచికీ సంచికీ మధ్య అర నిమిషం ఆగాలి. వోల్టేజీ పడిపోయిన పూట ఉల్టాగా గీత పలచగా పడుతుంది. మాంసం సంచికి ఎప్పుడూ ఒక సెంటీమీటరు ఎడంతో రెండు సీల్‌లు వేయడమే పద్ధతి.

ఎండిన కండతో ఇంకో చిక్కుంది. ముక్కల అంచులు ముల్లులా బిగిసి ఉంటాయి. గాలి లాగేసరికి సంచి వాటి మీద బిగుసుకుని కంటికి కనబడని రంధ్రం పడుతుంది. అప్పటికి బాగానే ఉంటుంది, మర్నాటికి సంచి వదులవుతుంది. ముక్కలను బటర్ పేపర్లో ఒక చుట్టు చుట్టి పెట్టినా, గాలి మరీ బిగియకముందే సీల్ బటన్ నొక్కినా ఈ బాధ తప్పుతుంది. ఎముకతో పొగబెట్టిన కోడి కాళ్ళకైతే ఎముక కొన మీద బటర్ పేపర్ నాలుగు మడతలు పెట్టక తప్పదు. సీల్ చేసిన సంచులను ఒక రోజు ఫ్రిజ్ కింది అరలో ఉంచి, వదులైనవాటిని ఏరి మళ్ళీ ప్యాక్ చేశాకే ఫ్రీజర్‌కు ఎక్కించండి. గడ్డకట్టాక లీకును పట్టుకోవడం కష్టం.

పొగబెట్టిన కోడి వేరే లెక్క. లోపల తడి ఉంటుంది కాబట్టి గాలితో పాటు రసమూ పైకి వచ్చి సీల్ పడే చోట చేరుతుంది. ముక్కలను పూర్తిగా చల్లార్చి, పళ్ళెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచి, గంటన్నర, రెండు గంటలు ఫ్రీజర్‌లో పెట్టి, పైపొర గట్టిపడ్డాక ప్యాక్ చేయాలి. వేడిగా ఉండగా చేస్తే ఆవిరి మోటారుకు చేరుతుంది, సంచిలో బిగువూ రాదు. చల్లార్చడమంటే రాత్రంతా బయట వదిలేయడం కాదు. మే నెల తిరుపతిలో గంట కంటే ఎక్కువ బయట ఉంచొద్దు. ఫ్యాను కింద ఆరబెట్టి నేరుగా ఫ్రిజ్‌లోకే.

ఫ్రీజర్ దగ్గర చాలామందికి ఒక పొరపాటు అవగాహన ఉంది. ఫ్రిజ్ తలుపు మీద ఐదు నక్షత్రాల స్టిక్కరు కరెంటు ఆదాకు సంబంధించినది, చల్లదనానికి కాదు. చల్లదనపు గుర్తు ఫ్రీజర్ అర మీదో, పుస్తకంలోనో వేరుగా ఉంటుంది. అక్కడ ఒక నక్షత్రముంటే మైనస్ 6, రెండుంటే మైనస్ 12, మూడుంటే మైనస్ 18 డిగ్రీలు. మాంసం నెలల తరబడి ఉండాలంటే మైనస్ 18 కావాలి. గుర్తు కనబడకపోతే ఫ్రీజర్లో ఒక థర్మామీటరు పెట్టి మర్నాడు చూడండి. థర్మామీటరు లేకపోతే ఐస్‌క్రీము చూడండి, చెంచా సులువుగా దిగితే అది మైనస్ 18 కాదు. అలాంటి అరలో వాక్యూమ్ సంచి అయినా నెల, నెలన్నరలో ఖాళీ చేసుకోవడమే మేలు. మంచు పేరుకునే పాత ఒంటి తలుపు ఫ్రిజ్‌లో ఆ మంచు అర అంగుళం దాటకముందే కరిగించాలి.

50 లీటర్ల ఫ్రీజర్ అయితే ఒక రోజులో రెండు కిలోలకు మించి కొత్త సరుకు పెట్టొద్దు. సంచులను మొదటి రోజు విడివిడిగా పరచి, గట్టిపడ్డాక పుస్తకాల్లా నిలబెట్టాలి. ప్రతి సంచి మీద తేదీ, బరువు, పచ్చిగా ఎండినదా వేడి తగిలినదా అన్నది చెరగని పెన్నుతో రాయాలి. సంచి నింపకముందే రాయండి, తర్వాత గీతల మీద పెన్ను సాగదు.

ఇలా పెట్టినదానికి గడువు ఎంతో చెప్పుకుందాం. కొవ్వు గీరి బాగా ఎండిన ఉప్పుకండ మైనస్ 18లో ఆరు నెలలు రుచి తగ్గకుండా ఉంటుంది. కొవ్వు మిగిలిన పొట్టేలు మాంసానికి రెండు నెలలే. పొగబెట్టిన కోడికి రెండు, మూడు నెలలు. ఫ్రీజర్లో పెట్టకుండా ఫ్రిజ్ అరలో ఉంచితే కోడి మూడు, నాలుగు రోజులే, వాక్యూమ్ చేసినా అంతే. ఎండిన కండను గది వేడిలో ఉంచితే నెల, మహా అంటే రెండు నెలలు. మన ఎండలకు మొదటి లెక్కే పట్టుకోవడం మంచిది.

కరెంటు పోతే ఫ్రీజర్ తలుపు తెరవకండి. నిండుగా ఉంటే 48 గంటలు, సగమే ఉంటే 24 గంటలు చల్లదనం నిలుస్తుంది. తర్వాత చూసినప్పుడు సంచిలో ఇంకా మంచు పలుకులుంటే మళ్ళీ గడ్డకట్టించవచ్చు. పూర్తిగా మెత్తబడి, చేతికి చల్లగా కూడా లేకపోతే పారేయాల్సిందే. సంచి వదులైతే లీకు. బిగుతుగా బుడగలా ఉబ్బితే లోపల ఏదో పెరిగి వాయువు పుట్టింది, దాన్ని తెరవకుండానే పారేయండి. కొంచెం రుచి చూద్దామని మాత్రం అనుకోవద్దు.

తీసి వాడుకునే పద్ధతి రెంటికీ వేరు. ఎండిన కండ సంచిని బయటపెట్టి, అరగంట, గంట గది వేడికి వచ్చేదాకా చించకూడదు. చల్లని ముక్కకు గాలి తగిలితే మంచినీళ్ళ చెంబు చెమర్చినట్టు ముక్క మీద నీళ్ళు పట్టి, ఎండబెట్టిన కష్టమంతా ఆ పది నిమిషాల్లో పోతుంది. పొగబెట్టిన కోడికి ఉల్టా. ముందు సంచి మూల కత్తిరించి గాలి పోనిచ్చి, గిన్నెలో పెట్టి ఫ్రిజ్ కింది అరలో రాత్రంతా ఉంచాలి. గాలి లేని సంచిలోనే మెత్తబడనిస్తే ముందు చెప్పిన బొటులినం ప్రమాదం అక్కడే.

యంత్రానికి ప్రతిసారీ చేయాల్సిన సేవ కొంచెమే. తొట్టి సబ్బుతో కడగాలి, నురుగు చుట్టలు తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టాలి, మూత గొళ్ళెం వేయకుండా వదులుగా దించి పెట్టాలి. గొళ్ళెం వేసి దాచితే చుట్టలు అణిగిపోయి కొన్ని నెలల్లో గాలి పట్టదు. యంత్రం పాడైందనుకునే వాటిలో చాలావాటికి జబ్బు ఇదే. చుట్టలు మారిస్తే మళ్ళీ పనిచేస్తుంది.

ఏడాదికి ఒకసారి కిలో, కిలోన్నర చేసే ఇంటికి ఈ యంత్రం అక్కర్లేదు. మందంగా ఉండే ఫ్రీజర్ జిప్ కవర్లో ముక్కలు పెట్టి, మూతి ఒక్క మూల తెరిచి ఉంచి, కవరును నెమ్మదిగా నీళ్ళ బకెట్లో ముంచితే నీళ్ళ ఒత్తిడికి గాలంతా పోతుంది. మూతి నీళ్ళలో మునగకముందే మూసేయాలి. రెండు, మూడు నెలలకు ఇది చాలు. ఒకేసారి ఐదు కిలోలు ఎండబెట్టి బెంగళూరు, చెన్నైలలో ఉన్న పిల్లలకు పంచే ఇళ్ళకైతే సీలర్ తప్పకుండా కొనదగ్గది. విడి సీల్ బటన్, ఊడే తొట్టి ఉన్నది ఎంచుకుని, మిగిలిన డబ్బు మంచి సంచులకు పెట్టండి. అమ్మకానికి చేసేవాళ్ళకు మాత్రం ఈ రకం సరిపోదు. రోజుకు ముప్పై, నలభై సంచులంటే పట్టీ తట్టుకోదు, వాళ్ళు సంచి మొత్తాన్ని పెట్టెలో పెట్టి గాలి తీసే రకం చూసుకోవాలి, ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషనూ ఉండాలి.

ఊరికి వచ్చిన పిల్లలు తిరిగి వెళ్తూ కొండకు పోయి వెళ్దామనుకుంటే సంచులను కారులో పెట్టుకుని బయల్దేరొద్దు. తిరుమలకు మాంసం నిషిద్ధం, అలిపిరి తనిఖీ దగ్గర సీలు వేసిన ప్యాకెట్టయినా ఆపేస్తారు. దర్శనం చేసుకుని కిందికి దిగాకే ఇంటి ఫ్రీజర్లోంచి తీసి, ఐసు ప్యాకులతో థర్మకోల్ పెట్టెలో సర్ది ఇవ్వండి. ఎండిన కండకు ఐసు లేకపోయినా ఆ ఐదారు గంటల ప్రయాణం ఫరవాలేదు, కోడికి మాత్రం తప్పనిసరి.